గడప దగ్గర ఆగే చక్రం

మా పెదనాయన మూడు చక్రాల బండి ఇప్పటికీ కనిగిరిలో మా పాత ఇంటి ముందు, వేపచెట్టు కింద ఉంది. చైను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. సీటు కింద పెట్టెలో ఒకప్పుడు ఆయన పంచరు సామాను పెట్టుకునేవాడు. ఇప్పుడందులో కోడి గుడ్లు పెడుతోంది. ఆయనకి రెండేళ్ళ వయసులో పోలియో వచ్చింది. తొంభైల్లో బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నడిపాడు. పొద్దున ఎనిమిదింటికి చేతి పెడళ్ళు తిప్పుకుంటూ వెళ్తే రాత్రి పదింటికి వచ్చేవాడు. ఇప్పుడు పక్క చక్రాలు బిగించిన స్కూటరు మీద తిరుగుతున్నాడు కాబట్టి బండి రిటైరయింది.

ఆ బండిని నేనెప్పుడూ ఒక యంత్రంగా చూడలేదు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో చేరి, చదివింది శుభ్రంగా మర్చిపోయినవాణ్ణి. దాన్ని మళ్ళీ చూడాల్సి వచ్చింది 2019 సంక్రాంతికి, మా నాయనమ్మ కోసం నేను ఆన్‌లైన్లో కొన్న చక్రాల కుర్చీ వల్ల.

నాయనమ్మకి నడుము వంగిపోయింది అంటే సరిపోదు. వంగి, అక్కడే ఆగిపోయింది. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్ళు పూర్తిగా చాపలేదు. చేతులు తల మీదికెత్తి కొప్పు ముడుచుకోలేదు. మా వైపు పెద్దవాళ్ళలో ఇలాంటివాళ్ళు అరుదేం కాదు. ఏమైందని అడిగితే "నీళ్ళు" అని ఒక్క ముక్కలో చెప్తారు, ఇంకేం అడగక్కర్లేదన్నట్టు.

కుర్చీ డబ్బా విప్పి, ఆమెను కూర్చోబెట్టి, వీధిలోకి తీసుకెళ్దామని ఉత్సాహంగా ముందుకి నెట్టాను. గడప దగ్గర ముందు చక్రాలు టక్కున ఆగాయి. కుర్చీ ఆగింది, ఆమె ఆగలేదు. ముందుకి ఒరిగిపోతుంటే మా అమ్మ ఎదురొచ్చి పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ ఎముకలకి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. అరుగు మీద కూర్చుని చూస్తున్న పెదనాయన కోప్పడలేదు. "ఎనక్కి తిప్పి ఎక్కియ్యాల అబయా. ముందుండే బుడ్డ చక్రాలు ఎక్కవు" అన్నాడు, అంతే.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్కేశాను. ఇది ఇంటర్మీడియట్ ఫిజిక్సే. చక్రాన్ని అడ్డంగా నెడుతూ ఒక మెట్టు ఎక్కించాలంటే ఎంత బలం కావాలి? ఒక అంగుళం ఎత్తు మెట్టుకి, అయిదంగుళాల చక్రమైతే దాని మీదున్న బరువుకి 1.33 రెట్లు కావాలి. ఎనిమిదంగుళాల చక్రానికి 0.88. కుర్చీ వెనక ఉండే ఇరవై నాలుగంగుళాల చక్రానికి 0.44. పెదనాయన బండికున్న ఇరవై ఎనిమిదంగుళాల సైకిలు చక్రానికి 0.40. మెట్టు ఎత్తు చక్రం సగం ఎత్తుకి చేరితే ఎంత బలమైనా చాలదు. చక్రం గోడని గుద్దుకున్నట్టే. మా గడప మూడంగుళాలు. నేను కొన్న కుర్చీ ముందు చక్రం సగం ఎత్తు రెండున్నర. అంటే ఆరోజు నేను నాయనమ్మని ఒక గోడకేసి నెట్టాను. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవాడికి తెలియంది, అరుగు మీద కూర్చున్న ఎస్టీడీ బూతాయనకి తెలుసు.

అక్కణ్ణుంచి మొదలుపెట్టి చక్రాల కుర్చీ చరిత్ర చదవడం నాకొక వ్యసనమైంది. చదివేకొద్దీ ఒకటే సంగతి పదేపదే ఎదురొచ్చింది. ఈ యంత్రంలో పనికొచ్చిన మార్పుల్లో చాలావాటి వెనక అందులో కూర్చునే మనిషి ఉన్నాడు.

పాత కుర్చీల్ని తీసుకోండి. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి 1595లో ఒక కుర్చీ ఉండేది. వీపు వాల్చుకోవచ్చు, కాళ్ళు చాపుకోవచ్చు, కింద చిన్న చక్రాలు. బొమ్మ చూస్తే ఈనాటి రిక్లైనర్ సోఫాలా ఉంటుంది. దాన్ని నెట్టడానికి నౌకర్లున్నారు కాబట్టి చక్రం ఎంత చిన్నదైతే ఏంటి? 1783లో ఇంగ్లండులోని బాత్ పట్నంలో జాన్ డాసన్ చేసిన 'బాత్ చెయిర్' కూడా అంతే. ఎక్కినవాళ్ళు దారి తిప్పుకోవచ్చు గానీ, లాగేది, నెట్టేది వేరేవాళ్ళు. మన సినిమాల్లో కుర్చీ కూడా ఈ వంశానిదే. పక్షవాతం వచ్చిన జమీందారు, వెనక నెట్టే నమ్మకస్తుడైన పనివాడు. కుర్చీలో మనిషి తనంతట తను ఎటైనా పోతున్న సీను తెలుగు సినిమాలో ఎన్నిసార్లు చూశామో ఎవరైనా లెక్కపెడితే బావుండు.

ఈ రెండింటికీ మధ్యలో, 1655లో, జర్మనీలో న్యూరెంబర్గ్ దగ్గర ఆల్ట్‌డార్ఫ్ అనే ఊళ్ళో స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాలు చేసే కుర్రాడున్నాడు. కాళ్ళు పనిచేయవు, వయసు ఇరవై రెండు. తనకోసం తనే ఒక మూడు చక్రాల బండి చేసుకున్నాడు. ముందు చక్రానికి పళ్ళ చక్రాలు బిగించి, చేతులతో తిప్పే పిడులు పెట్టాడు. గడియారం చేసే చెయ్యి కదా, పళ్ళ చక్రాలతో బలాన్ని ఒకచోట్నించి ఇంకోచోటికి పంపడం వాడికి రోజువారీ పనే. అప్పటికి గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా పాలిస్తున్నాడు. సైకిలుకి పూర్వరూపం అనదగ్గ డ్రైస్ బండి రావడానికి ఇంకా నూట అరవై రెండేళ్ళుంది. అంటే, మనిషి తన సొంత కండబలంతో చక్రాల మీద ప్రయాణించడం అనే ఆలోచనకి తొలి రూపాల్లో ఒకటి నడవలేనివాడిది.

ఫార్‌ఫ్లర్ బొమ్మని ఫోన్లో పెదనాయనకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "మన బండేగా" అన్నాడు. నిజంగానే మన బండే. సైకిలు వచ్చాక పళ్ళ చక్రాల బదులు చైను చేరింది, చెక్క చక్రం పోయి స్పోకులు, గాలి ట్యూబు వచ్చాయి. మూడు చక్రాలు, ముందు పిడులు, చేత్తో తిప్పడం, ఈ అమరిక మాత్రం మారలేదు. 1972లో కాన్పూరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆలిమ్కో అనే సంస్థ 1976 నుంచి కృత్రిమ అవయవాలూ బళ్ళూ తయారుచేయడం మొదలుపెట్టింది. 1981లో ఆడిప్ పథకం వచ్చింది. అప్పట్నించి క్యాంపులు పెట్టి ఇలాంటి ట్రైసైకిళ్ళు పంచుతూనే ఉన్నారు. మండలాఫీసు ముందు ఎండలో వరసగా నిలబెట్టిన బళ్ళు, దండలు, ఫొటోలు మనందరం చూసినవే.

ట్రైసైకిల్‌ని నాసిరకం సరుకని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కుర్చీ చక్రాన్ని చేత్తో నెట్టడం ఎంత దండగ పనో శరీరశాస్త్రం వాళ్ళు కొలిచి చూశారు. రిమ్ముని పట్టుకోవాలి, తొయ్యాలి, వదలాలి, చెయ్యి వెనక్కి తెచ్చి మళ్ళీ పట్టుకోవాలి. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పది శాతం కూడా చక్రానికి చేరడం గగనం. ఏళ్ళ తరబడి అలా తోస్తే భుజాలు అరిగిపోతాయి. చేత్తో తిప్పే క్రాంకు దీనికన్నా చాలా మెరుగు, చెయ్యి ఎక్కడా వదలక్కర్లేదు. పైగా పంచరైనా, చైను తెగినా, బేరింగు పోయినా కనిగిరిలో ఏ సైకిలు షాపుకెళ్ళినా పని జరుగుతుంది. పెదనాయన ఆ బండి మీద పదహారేళ్ళు బతికాడు. దాని అసలు లోటు వేరే. అది ఇంట్లోకి రాదు. ఆయన గుమ్మం దాకా బండి మీద వచ్చి, దిగి, చేతుల మీద పాక్కుంటూ లోపలికొచ్చేవాడు. చిన్నప్పుడు నాకది వింతగా అనిపించలేదు, మా పెదనాయన ఇంట్లోకి వచ్చే పద్ధతి అది అనుకున్నాను. బయట ఎస్టీడీ ఓనరు, లోపల నేల మీద పాకే మనిషి. బండి రోడ్డుకి, కుర్చీ ఇంటికి. ఈ రెండింటి మధ్య గడప.

కుర్చీ చరిత్రలో అతి పెద్ద మలుపు కూడా ఇలాంటి ఒక హద్దు దగ్గరే వచ్చింది. హెర్బర్ట్ ఎవరెస్ట్ అమెరికాలో మైనింగ్ ఇంజినీరు. 1918లో గనిలో ప్రమాదం జరిగి వెన్ను విరిగింది. అప్పటి కుర్చీలు చెక్కవీ పేమువీ, బరువు, మడత పడవు. ఆయనకి కారుంది గానీ కుర్చీ కార్లో పట్టదు. హ్యారీ జెన్నింగ్స్ అనే స్నేహితుడు, ఆయనా ఇంజినీరే, 1930ల మొదట్లో ఉక్కు గొట్టాలతో ఒక కుర్చీ చేశాడు. సీటు కింద రెండు గొట్టాలు కత్తెరలా అడ్డంగా దాటుకుంటాయి. సీటు గుడ్డని మధ్యలో పట్టుకుని పైకి లాగితే రెండు పక్కలూ దగ్గరికొచ్చి కుర్చీ పుస్తకంలా మూసుకుంటుంది. 1937లో దానికి పేటెంటు వచ్చింది. ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టారు. ఈరోజు ఏ ఆసుపత్రి వరండాలోనైనా కనపడే మడత కుర్చీ, నేను నాయనమ్మకి కొన్నది కూడా, ఆ కత్తెర సంతానమే.

ఆ 1937 అనే అంకె చూసి కాసేపు కదలకుండా కూర్చున్నాను. ఎందుకంటే అదే ఏడాది ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు కలిసి ఒక పేపరు వేశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో నీళ్ళలో ఫ్లోరైడు వల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోతున్నాయని. వాళ్ళు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా జనాన్ని. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి రాసే ప్రతివాళ్ళూ మొదటి వాక్యంలో ఆ 1937 పేపరునే తలుచుకుంటారు. వైద్య చరిత్రలో మా ఊరి వైపుకి దక్కిన ఒకే ఒక్క ప్రథమ స్థానం.

రాతి పొరల్లోంచి నీళ్ళలోకి దిగిన ఫ్లోరైడు, లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఒంటికి మంచిది కాదు. అలాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకలో చేరుతుంది. ఎముకల్ని కలిపి ఉంచే నరాల్లాంటి పట్టీలు కూడా గట్టిపడి ఎముకగా మారతాయి. వెన్ను ఒకే కర్రలా అయిపోతుంది, తుంటీ మోకాళ్ళూ మడిచినచోటే ఆగిపోతాయి. బాగా ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోతాయి. ఇంకోవైపు, అదే సంవత్సరం పేటెంటు పొందిన కుర్చీ ఎవరి ఒంటికోసం తయారైంది? కాళ్ళు పోయినా పైభాగం గట్టిగా ఉన్న ఒక ఇంజినీరు కోసం. భుజాలు గుండ్రంగా తిరగాలి, మోచేతులు చాపాలి, వీపు వెనక్కి ఆనాలి. మా నాయనమ్మ ఆ మూడూ చెయ్యలేదు. పద్దెనిమిదంగుళాల వెడల్పు సీట్లో ఆమె సగానికే సరిపోయింది. చెయ్యి రిమ్ముకి అందనే లేదు. గుడ్డ సీటు ఉయ్యాలలా మధ్యకి కుంగి తుంటి ఎముకల్ని లోపలికి నొక్కింది. వంగిన వీపు, నిటారు గుడ్డకి ఒక్కచోటే తగిలి అక్కడ ఒరుసుకుపోయింది. "నన్ను మంచం మీదనే ఉండనీ నాయనా" అంది రెండోరోజు.

ఎవరెస్ట్ తన ఒంటికి తగ్గట్టు కుర్చీ చేయించుకోవడంలో తప్పేం లేదు. తన ఒళ్ళే తనకి తెలిసింది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కూడా అలాగే చేశాడు. మామూలు భోజనాల బల్ల కుర్చీ ఒకటి తీసుకుని దానికే చక్రాలు పెట్టించుకున్నాడు, చేతులుండవు, సన్నగా ఉండి ఇరుకు గుమ్మాల్లోంచి దూరిపోతుంది. తంటా ఎక్కడొచ్చిందంటే, ఎవరెస్ట్-జెన్నింగ్స్ కుర్చీ దాదాపు నలభై ఏళ్ళపాటు మారకుండా ఉండిపోయింది. కంపెనీ పెద్దదైపోయింది, పోటీ లేదు. చివరికి 1977లో అమెరికా న్యాయశాఖ వాళ్ళ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. ఆసుపత్రులు కొనే వస్తువు కాబట్టి ఆసుపత్రికి ఏం కావాలో అదే దాని రూపం అయింది. ఎవరికైనా సరిపోవాలి, తుడిస్తే శుభ్రమవ్వాలి, మడిస్తే గోడకానాలి. రోజుకి పద్నాలుగు గంటలు అందులో బతకడం అనేది ఆ పట్టికలో లేదు.

ఆ పట్టిక మార్చింది మళ్ళీ ఒక వాడకందారే. కాలిఫోర్నియాలో మారిలిన్ హామిల్టన్‌కి 1978లో హ్యాంగ్ గ్లైడర్ మీంచి పడి నడుము కింద భాగం చచ్చుబడింది. ఇచ్చిన కుర్చీ చూసి ఇదేం బరువురా నాయనా అనుకుని, గ్లైడర్లు తయారుచేసే ఇద్దరు మిత్రులు, డాన్ హెల్మన్, జిమ్ ఒకమోటోలని పట్టుకుంది. గ్లైడర్ గొట్టాలతోనే నాకో కుర్చీ చేసిపెట్టమంది. అల్యూమినియం, పన్నెండు కేజీల లోపు. పాతవాటిలో సగం. పేరు 'క్విక్కీ'. రంగులు కూడా ఆసుపత్రి రంగులు కావు.

అందరూ బరువు తగ్గింది, బరువు తగ్గింది అంటారు గానీ, ఆ తరం కుర్చీల్లో నాకు బాగా నచ్చినది వేరే. ఇరుసు జరపొచ్చు. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందుకి ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. తెలిసినవాడు ఇరుసు మీదికి బరువొచ్చేలా సర్దుతాడు. ఆసుపత్రి కుర్చీలో పెద్ద చక్రాల ఇరుసు వీపు కిందికో, ఇంకా వెనక్కో ఉంటుంది, వెనక్కి పడిపోకుండా. దాంతో మనిషి బరువులో పెద్ద వంతు ముందున్న బుడ్డ చక్రాల మీద పడుతుంది. అవి మట్టిలో దిగబడతాయి, రాళ్ళకి తట్టుకుంటాయి, తిప్పితే తిరగవు. ఇరుసుని రెండు మూడంగుళాలు ముందుకి జరిపితే చాలు, బరువంతా పెద్ద చక్రాల మీదికొస్తుంది. చెయ్యి కూడా చక్రానికి బాగా అందుతుంది. కొంచెం అలవాటైనవాళ్ళు ముందు చక్రాలు గాల్లోకి లేపి గడప మీద పెట్టేస్తారు. వెనక్కి పడే ప్రమాదం పెరుగుతుంది, నిజమే. కానీ ఎంత ప్రమాదం భరించాలో కూర్చున్నవాళ్ళు తేల్చుకోవచ్చు, ఒక రెంచీతో. ఇంకోటి, ఆ కత్తెర మడత తీసేసి ఫ్రేముని గట్టిగా బిగించేశారు. మడత ఉన్న ఫ్రేము ప్రతి తోపుకీ కాస్త వంగుతుంది, ఆ మేరకు బలం దండగ.

ఈ కుర్చీలు అమెరికా కాంక్రీటు మీద పరిగెత్తాయి, క్రీడాకారులకి వరం అయ్యాయి. మా కనిగిరి పామూరు రోడ్డు పక్క గులకరాళ్ళ మట్టిలో ఏమవుతాయన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నని పట్టుకుని జీవితమంతా తిరిగినవాడు రాల్ఫ్ హాచ్‌కిస్. 1966లో కాలేజీ రోజుల్లో మోటారుసైకిలు ప్రమాదంలో కాళ్ళు పోయాయి. 1980లో నికరాగువా వెళ్ళినప్పుడు అక్కడ ఒకే కుర్చీని పంచుకు వాడుకుంటున్న కుర్రాళ్ళని కలిశాడు. వాళ్ళు ఆ కుర్చీని తమకి తోచినట్టు మార్చుకున్న పద్ధతులు చూసి తను నేర్చుకున్నాడు. అప్పట్నించి ఆయన పని ఇదే. 'వర్ల్‌విండ్' అనే నమూనా, చిన్న వెల్డింగు షాపుల్లో దొరికే గొట్టాలతో, సైకిలు చక్రాలతో. పేటెంటు తీసుకోలేదు. జింబాబ్వేలో పుట్టిన వెడల్పాటి రబ్బరు ముందు చక్రాన్ని తీసుకుని తన కుర్చీకి పెట్టుకుని దానికి 'జింబాబ్వే వీల్' అనే పేరే ఉంచేశాడు. ఓపెన్ సోర్స్ అనే మాట మా వృత్తిలోకి రాకముందే ఆయన దాన్ని ఉక్కుతో రాశాడు. నేను రాసిన కోడు ఎంతమంది వాడారో నాకు తెలీదు గానీ, ఆయన ముందు తల వంచుతాను.

హాచ్‌కిస్ తర్వాత నన్ను ఆకట్టుకున్నది ఎంఐటీలో ఏమస్ వింటర్ బృందం చేసిన మీటల కుర్చీ. దీన్ని మన దేశంలో జైపూర్ ఫుట్ వాళ్ళతో కలిసి మెరుగుపెట్టారు. రెండు పక్కలా రెండు పొడుగు మీటలు, చైను, సైకిలు ఫ్రీవీలు. గేర్లు లేవు, అవసరం లేదు. మీటని పైన పట్టుకుని తోస్తే బలం ఎక్కువ, వేగం తక్కువ, ఎత్తెక్కడానికి. కిందికి పట్టుకుని తోస్తే వేగం. చెయ్యి ఎక్కడ పెడతామన్నదే గేరు. ఏతం తొక్కినవాళ్ళు ఒక చూపులో పట్టేస్తారు, అక్కడా అడుగు ఎంత దూరంలో వేస్తామన్నదే లెక్క. ఇంట్లోకొచ్చాక ఆ మీటలు పీకేసి మామూలు కుర్చీలా వాడుకోవచ్చు. రోడ్డు బండీ ఇంటి కుర్చీ ఒకటే అన్నమాట. పెదనాయన ఎస్టీడీ బూతు రోజుల్లో ఇది లేదు.

దక్షిణాదిలో ఈ కథకి రెండు ఊళ్ళున్నాయి. ఒకటి వెల్లూరు. మా వైపు ఏ పెద్ద జబ్బు చేసినా "వెల్లూరు పోవాల" అనడం అలవాటు. అక్కడ సీఎంసీలో మేరీ వర్గీస్ అనే యువ డాక్టరుకి 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో, కుర్చీలో కూర్చునే, కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. తర్వాత న్యూయార్కు వెళ్ళి పునరావాస వైద్యం చదివొచ్చింది. ఆవిడ నడిపిన పునరావాస కేంద్రం 1966లో మొదలైంది. కుర్చీ ఇచ్చి ఇంటికి పంపించడం కాదు, కుర్చీలో బతకడం నేర్పడం అనే పని మన దేశంలో గట్టిగా పట్టాలెక్కింది అక్కడే. రెండోది మద్రాసు. ఐఐటీలో సుజాతా శ్రీనివాసన్ నడిపే కేంద్రం నుంచి 2019లో మనిషిని నిలబెట్టే కుర్చీ 'అరైజ్' వచ్చింది. తర్వాత మనిషి కొలతలకి తగ్గట్టు కుట్టించినట్టుండే 'నియోఫ్లై', దానికి ముందు తగిలిస్తే కుర్చీ కాస్తా రోడ్డు మీద పోయే బండయ్యే 'నియోబోల్ట్'. గడపకి అటూ ఇటూ ఒకే మనిషి ఒకే కుర్చీలో ఉండాలన్న పట్టుదల వీటిలోనూ ఉంది.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతి కుర్చీల గురించి ఒక మార్గదర్శకం వేసింది. కూర్చునేవాళ్ళ అవసరానికీ, వాళ్ళుండే చోటుకీ తగ్గది, ఒంటికి సరిపోయేది, దగ్గర్లో బాగు చేయించుకోగలిగేది అయితేనే అది తగిన కుర్చీ అని. నేను దాన్ని చదివింది నాయనమ్మ కుర్చీ కొన్నాక. ఆన్‌లైన్లో నేను చూసిన వడపోతలు ధర, రంగు, నక్షత్రాలు. ఆమె తుంటి వెడల్పు అడిగే గడి ఎక్కడా కనపడలేదు. కనపడి ఉంటే కొలిచేవాణ్ణా? అనుమానమే.

కుర్చీని వాపసు పంపలేదు. పెదనాయన పంపనివ్వలేదు. స్కూటరెక్కి వెళ్ళి వడ్రంగినీ, వెల్డింగాయన్నీ వెంటబెట్టుకొచ్చాడు. తనే టేపు పెట్టి నాయనమ్మని కొలిచాడు, మంచం మీద ఆమె హాయిగా కూర్చునే పద్ధతిలో కూర్చోబెట్టి. సీటు గుడ్డ మీద చెక్క పలక వేసి, మీద మందంగా బొంత. పక్కల సందుల్లో దిండ్లు. వీపు వైపు పై గుడ్డ విప్పేసి, ఆమె గూనికి చోటిస్తూ కాస్త వెనక్కి వాలేట్టు బెల్టులు కట్టించాడు. పాదాల పలకలు నాలుగంగుళాలు పైకి, కొంచెం వెనక్కి. ముందు చక్రాలు మార్చి ఎనిమిదంగుళాల గట్టి రబ్బరువి వేయించాడు, ఒంగోలు నుంచి తెప్పించి. అయిన ఖర్చు కుర్చీ ధరలో అయిదోవంతు కూడా లేదు. తనంతట తను తిప్పుకునే మాట ఎలాగూ లేదు కాబట్టి, నెట్టే పిడులు మా అమ్మ ఎత్తుకి సరిచేశారు. అమ్మ నడుము కూడా ఈ లెక్కలోకి వస్తుందని నాకు తట్టలేదు.

మిగిలింది గడప. ఎనిమిదంగుళాల చక్రానికి కూడా మూడంగుళాల ఎత్తు చాలా కష్టం. నాన్న కోయించేద్దామన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "గడప తీస్తే ఇంక అది ఇల్లేందిరా" అంది. పెళ్ళై ఆ ఇంటికొచ్చినప్పటి నుంచి ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టిన గడప అది. ఏ ఇంజినీరింగ్ పుస్తకంలోనూ ఈ అడ్డంకికి సూత్రం లేదు. రాంపు అడుగుకి అంగుళం చొప్పున వాలాలని నియమం. అంటే ఇటు మూడడుగులు, అటు మూడడుగులు. వసారాలో రెండడుగులకి మించి చోటు లేదు. చివరికి రెండేసి అడుగుల చెక్క వాలు బల్లలు రెండు, లోపలొకటి బయటొకటి, గడపని తాకకుండా కోయించాం. కొంచెం నిటారుగానే ఉంటాయి, వెనక్కి తిప్పి దించాలి. గురువారం రాత్రి తీసేస్తే, శుక్రవారం పొద్దున అమ్మ పసుపు రాసి ఆరాక మళ్ళీ వేసేది. నాయనమ్మ కుర్చీలోంచి చూస్తూ, ఆ మూల అంటలేదు, ఈ మూల అంటలేదు అని చెప్పేది. ఎండపొద్దు వాలాక రోజూ వేపచెట్టు దాకా వెళ్ళొచ్చేది. పాత బండి పక్కన కుర్చీ ఆపించుకుని, కోడి ఎన్ని పెట్టిందో అడిగేది.

2022లో నాయనమ్మ పోయింది. కుర్చీ కావాలని పక్క వీధిలోంచి ఒకామె కోసం అడిగారు. ఇచ్చే ముందు పెదనాయన టేపు జేబులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళొచ్చాడు. ఆమె కొంచెం లావు, పక్క దిండ్లు తీసేశాడు. వాళ్ళ గడప నాలుగంగుళాలు. బల్లలు కొత్తవి కోయించాల్సి వచ్చింది.